ప్రశ్నకి ఒక నిమిషం

మా పై ఫ్లాట్ జితేందర్‌ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మంచివాడు, అదే నా బాధ. నా చేతిలో గ్రోసరీ సంచులు కనిపిస్తే పరుగున వచ్చి అందుకునేవాడు. మా ఆయన పరంధామయ్య గారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రికి తనే కారులో తిప్పాడు. అలాంటివాడు తొమ్మిదేళ్ళ కన్నకూతురికి చదువు చెప్పడం మొదలుపెట్టి చేసిన నిర్వాకం పగవాడు కూడా చేయడు.

నా పేరు నాగమల్లేశ్వరి. మేం అమెరికాకి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. పెద్ద ఇల్లు చూసుకోలేక అమ్మేసి, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఈ అపార్ట్‌మెంట్‌లో చేరాం. మాది కింది ఫ్లాటు, జితేందర్ వాళ్ళది సరిగ్గా మా నెత్తిమీద. చుట్టూ అందరూ తెలుగువాళ్ళే, అందరికీ నేను ఆంటీనే. తల్లులూ ఆంటీ అంటారు, వాళ్ళ పిల్లలూ ఆంటీ అంటారు. నోటిదురుసు మనిషినని వెనక అనుకుంటారని కూడా తెలుసు. అనుకోనివ్వండి.

జితేందర్‌ది హనుమకొండ. తండ్రి ఆర్టీసీలో కండక్టరు. పదిహేనో ఏట కొడుకుని ఊళ్ళోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పడేశాడు. తెల్లారకముందే గంట, స్టడీ అవర్, క్లాసు, స్లిప్ టెస్టు, మళ్ళీ స్టడీ అవర్. ఆదివారం పెద్ద పరీక్ష, సాయంత్రం గోడ మీద ర్యాంకులు. అందులోంచి బయటపడ్డ కుర్రాడు ఆ గేటు వైపు మళ్ళీ చూడకూడదు. ఇతను మాత్రం పీజీ చేసి అదే కాలేజీకి మ్యాథ్స్ లెక్చరర్‌గా వెళ్ళాడు. ఎంసెట్ బ్యాచ్‌లకి అతనంటే ప్రాణమట. వరంగల్ బస్టాండులో కూడా ఎవరో ఒకరు ఆగి "నమస్తే సార్" అనేవారట. ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ తర్వాత భార్య రచనకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. ఆమెది సాఫ్ట్‌వేర్, ఇక్కడికి దగ్గర్లోనే లాస్ కోలినాస్‌లో ఆఫీసు. ఆమెది హెచ్ వన్, ఇతనిది ఆమె మీద ఆధారపడిన వీసా. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. వంట చేశాడు, బట్టలు మడతపెట్టాడు, పిల్లని బడికి దింపాడు. పార్టీల్లో కొత్తవాళ్ళెవరైనా "మీరెక్కడ వర్క్ చేస్తారు?" అని అడిగితే లేచి వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడగకుండానే గిన్నెలు కడిగేవాడు. అది చూసి నవ్వుకున్న మగ మహారాజుల మీద కూడా నాకు కోపమే.

వాళ్ళ పాప దేదీప్య. మూడో తరగతిలో ఉండగా టీచర్ వీళ్ళని పిలిచింది. పిల్లకి అర్థమవుతోంది కానీ జవాబు చెప్పడానికి ఎక్కువసేపు తీసుకుంటోంది, కొన్నాళ్ళు చిన్న గ్రూపులో కూర్చోబెట్టి చూస్తాం అంది. ఇందులో తిట్టేముంది? జితేందర్‌కి మాత్రం ఒక్క ముక్కే వినపడింది.

"స్లో గ్రూప్ అంట ఆంటీ! నా బిడ్డని స్లో గ్రూప్‌ల కూసోబెడ్తరంట! లెక్కల సార్ బిడ్డ!" అని మా హాల్లో అటూ ఇటూ తిరిగాడు.

టెక్సాస్‌లో పిల్లని బడి మాన్పించడం జిమ్ మెంబర్‌షిప్ మానేయడం కంటే తేలిక. ఒక ఉత్తరం ముక్క రాస్తే చాలు. ఇంట్లో ఎలా చెబుతున్నావని అడిగే నాథుడు ఉండడు. ఆ వారంలోనే మాన్పించేశారు.

పద్ధతి ఎంచుకోవడానికి రచన పాపం చాలా చదివింది. ఆఫీసు నుంచి వచ్చి వీడియోలు చూసింది, పుస్తకాలు తెప్పించింది. ఒక శనివారం నలుగురినీ భోజనానికి పిలిచింది. ఆ నలుగురూ వచ్చి సలహాలు వడ్డించారు. ఎదురు బ్లాకులో ఉండే ఉజ్వల మాంటిస్సోరిని మించింది లేదంది. ఒకాయన పాత గ్రీకుల పద్ధతి అన్నాడు, లాటిన్ కూడా నేర్పాలట. ఇంకొకావిడ అసలు ఏ పద్ధతీ పెట్టకపోవడమే పద్ధతి అని తేల్చింది. వాళ్ళందరి మధ్యా సోఫా చివర దేదీప్య కూర్చుని ఉంది. ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల తిప్పి చూస్తోంది. ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరూ, ఆ పిల్లని పలకరించలేదు. చెప్పులు కొనేటప్పుడైనా కాలు చాపమంటారు.

చివరికి జితేందర్ చేతులు దులుపుకుని తీర్పు చెప్పాడు. "గివన్నీ ఎందుకండీ? నా పద్ధతి నాకున్నది. వేల మంది పిల్లలు పాసైన పద్ధతి."

"పాసవ్వని వాళ్ళో?" అని అడిగాను.

"వాళ్ళు మధ్యల డ్రాపయ్యిన్రు ఆంటీ" అన్నాడు, అదేదో వాతావరణం సంగతైనట్టు.

సోమవారం నుంచి మా నెత్తిమీద కాలేజీ తెరిచారు. తెల్లవారుజామున అతని ఫోన్‌లో గంట మోగేది. వెంటనే కుర్చీ లాగిన చప్పుడు. ఈ అపార్ట్‌మెంట్ నేలలు అట్టముక్కలే కదా, అన్నీ వినపడతాయి. స్టడీ అవర్, బ్రేక్, స్లిప్ టెస్ట్. క్లాసు జరిగినంతసేపూ నాన్న అనకూడదు, సార్ అనాలి. డిసిప్లిన్ అట. పరీక్షకి ఒకటే సూత్రం, ప్రశ్నకి ఒక నిమిషం. ఎంసెట్‌లో అంతే కదా, నిమిషం దాటితే ఆ ప్రశ్న వదిలేసి ముందుకెళ్ళాలి. ఇక్కడ ఎంసెట్ ఎవడు పెడతాడయ్యా అంటే, "స్పీడ్ ముఖ్యం ఆంటీ, ఎక్కడైనా స్పీడే" అన్నాడు. పరుగు పందెంలో గెలిచిన గుర్రాన్ని తప్ప ఇంకే జంతువునీ చూడని మనిషితో ఏం వాదిస్తాం?

ఒక్క పిల్లే అయితే ర్యాంకు ఎలా వస్తుంది? అందుకని బ్యాచ్ పెట్టాడు. ఇంట్లో చదువుకునే పిల్లలు, బడి అయ్యాక వచ్చే పిల్లలు, ఏడెనిమిది ఇళ్ళ వాళ్ళు చేరారు. డబ్బు తీసుకోలేదు, వీసా ఒప్పుకోదు. అయినా అతనికి కావలసింది అది కాదు. ఉజ్వల కొడుకు శ్రీవత్సని దింపడానికి వచ్చి, "గుడ్ మార్నింగ్ సార్" అన్న మొదటి రోజు అతని ముఖం చూడాల్సింది. నడక మారింది. ఇస్త్రీ చొక్కా తొడిగాడు. పార్టీల్లో వంటింట్లోకి పోవడం మానేశాడు. ఆదివారం సాయంత్రం ర్యాంకులు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. శ్రీవత్స ఎప్పుడూ ఫస్టు. దేదీప్య ఎప్పుడూ లాస్టు. కన్నకూతురి పేరు కింద తన చేత్తోనే ఆ అంకె వేసేవాడు, పక్షపాతం లేదని చూపించుకోవడానికి.

వసంతం వచ్చేసరికి ఆ పిల్ల కనుబొమ్మలు పలచబడ్డాయి. ఎడమది సగానికి సగం లేదు. "ఒంట్లో వేడి ఆంటీ, ఇక్కడి నీళ్ళు పడట్లేదు" అని చెప్పింది రచన. వీడియో కాల్‌లో వాళ్ళమ్మ ఆముదం రాయమందట. రోజూ రాత్రి ఆముదం రాసేది. ఒక రోజు పగలు వర్క్‌బుక్ పట్టుకుని ఆ పిల్ల మెట్ల మీద కూర్చున్నప్పుడు నేను మా తలుపు అద్దంలోంచి చూశాను. ఎడమ చేతి రెండు వేళ్ళతో కనుబొమ్మలో ఒక్కొక్క వెంట్రుకా పట్టుకుని పీకుతోంది. నొప్పి పుడుతున్నట్టు కూడా లేదు ముఖంలో.

ఆ శనివారమే ఉజ్వల ఇంట్లో శ్రీవత్స పుట్టినరోజు. దేదీప్య పట్టు లంగా కట్టుకుని వచ్చింది. కనుబొమ్మలు రెండూ నిండుగా, నల్లగా, వంపు తిరిగి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఐబ్రో పెన్సిల్‌తో గీసినవి. రచన చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేశాను.

"అవి రాలడం లేదు రచనా. పీక్కుంటోంది."

"తెలుసు ఆంటీ" అంది.

"తెలుసా? తెలిసే ఆముదం రాస్తున్నావా? తెలిసే పెన్సిల్‌తో గీశావా?"

"ఫోటోలు తీస్తారు కదా ఆంటీ. అందరూ అడుగుతారు." మంచం అంచున కూర్చుంది. "నేనేం చేయను? ఆయనకి చెప్తే బ్యాచ్ ఆపేయాలి. ఈ దేశం వచ్చాక ఆయన నవ్వింది ఇప్పుడే. ఆపేస్తే ఆ ముఖం మళ్ళీ ఎలా అయిపోతుందో మీకు తెలీదు, ఆ ఇంట్లో ఉండేది నేను."

"మొగుడి నవ్వు కోసం కూతురి కనుబొమ్మలు పణం పెట్టావా?"

ఏడ్చింది. నాకు జాలి వేయలేదు. తర్వాత వేసింది, అప్పుడు మాత్రం వేయలేదు. పిల్ల ఎటు పోతోందో తల్లికి కనపడుతూనే ఉంది, తండ్రికి అసలు కనపడటం లేదు. ఈ ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. "నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అని అడిగాను. వచ్చే వారం చెబుతానంది.

వచ్చే వారం దాకా ఆగడం నా వల్ల కాలేదు. మర్నాడు ఆదివారం, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పరీక్ష. అయ్యాక అందరూ కలిసి తినడానికి పులిహోర చేసి తెమ్మని నాకు ముందే పురమాయించారు. పరీక్ష అవకముందే గిన్నె పట్టుకుని వెళ్ళాను. పొడవాటి బల్ల చుట్టూ పిల్లలు. ప్రతి పేపర్ మీదా హాల్ టికెట్ నంబరు, తొమ్మిదేళ్ళ వాళ్ళకి! నీళ్ళ బాటిల్‌కి ఆనించిన ఫోన్‌లో అంకెలు తగ్గుతున్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని జితేందర్ బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. గోడ వారగా కుర్చీల్లో తల్లులు, వాళ్ళలో రచన తల వంచుకుని కూర్చుంది. శ్రీవత్స పెన్సిల్ టకటకా నడుస్తోంది, ఉజ్వల ముఖం వెలిగిపోతోంది. దేదీప్య పెన్సిల్ బల్ల మీదే ఉంది. చెయ్యి నుదుటి మీద ఉంది.

గంట మోగింది. "పెన్స్ డౌన్!" అన్నాడు. ఒక్కొక్కరి పేపరూ తీసుకుంటూ వచ్చాడు. దేదీప్య పేపర్ చేతిలోకి తీసుకుని, ఎప్పుడూ చేసే పనే అన్నట్టు, దాని మీద ఉఫ్‌మని ఊదాడు. దాని మీది నల్లటి పొట్టు కొంత ఎగిరిపోయింది. కొంత చెమటకి అంటుకుని పేపర్ మీదే ఉండిపోయింది. మళ్ళీ ఊదబోయి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆగిపోయాడు.

"ఊదు!" అన్నాను. గొంతు నాకే పెద్దగా వినపడింది. "ఊదవయ్యా, ఆగావేం? ప్రతి ఆదివారం ఊదుతున్నావుగా, ఎరేజర్ పొట్టు అనుకుని. అది నీ కూతురి కనుబొమ్మ!"

జితేందర్ పేపర్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దేదీప్య గబగబా లేచింది.

"సారీ సార్" అంది. "ఐ విల్ క్లీన్ ఇట్ సార్."

అరచేత్తో బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు జితేందర్. పిల్ల జుట్టు వెనక్కి తోసి ముఖం చూశాడు. ముందు రోజు గీసిన పెన్సిల్ చెమటకి చెరిగి ఉంది. కింద ఉత్త చర్మం, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. అంత దగ్గరనుంచి కూతురి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో అతనికి. ఎప్పుడూ పేపరే చూశాడు. ఫోన్ తీసి జేబులో వేసుకుని, "ఈ రోజుతోని బంద్. బ్యాచ్ బంద్" అన్నాడు.

అప్పుడు ఉజ్వల ఏమందో తెలుసా? పిల్ల ఎదురుగా నిలబడి ఉండగా, "ఇలా సడన్‌గా ఆపేస్తే ఎలా సార్? మా శ్రీవత్సకి నెక్స్ట్ మంత్ కాంపిటీషన్ ఉంది" అంది. నా చేతిలో పులిహోర గిన్నె ఉంది కాబట్టి సరిపోయింది. వారం తిరక్కుండా ఆ తల్లులంతా ఆన్‌లైన్‌లో ఇంకో సార్‌ని వెతుక్కున్నారు. నిన్నటిదాకా సార్ సార్ అన్న నోళ్ళే, "పాపం, ఖాళీగా ఉండి ఉండి మైండ్ ఎఫెక్ట్ అయిందంట" అని కూడా అన్నాయి. ఏరు దాటి తెప్ప తగలేసే జనం. ఇలాంటి వాళ్ళ నమస్కారం కోసం పిల్లని బలిపెట్టాడు చూడండి, అది తలుచుకుంటే రక్తం ఉడుకుతుంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపింది. ఆందోళన వల్ల పిల్లలు ఇలా పీక్కుంటారనీ, తగ్గుతుంది కానీ తొందరపెట్టవద్దనీ చెప్పారట. తొందరపెట్టవద్దన్న మాట జితేందర్ చెవికి ఎక్కితేగా! ఈసారి పద్ధతుల వెంట పడ్డాడు. ఒక వారం రంగు పూసలు వచ్చాయి. ఇంకో వారం పెట్టెనిండా పుస్తకాలు వచ్చాయి. ఆ తర్వాత అడవిలో చదువు అని పార్కుకి తీసుకెళ్ళి ఆకులు ఏరించాడు. ఏ పద్ధతి తెచ్చినా పక్కనే కూర్చుని, పిల్ల నోటివైపు చూస్తూ మోకాలు ఊపుతూ ఉండేవాడు. ఆ పిల్ల చెయ్యి మెల్లగా నుదుటి మీదికి పోయేది.

ఒక రోజు కిందికి దిగి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. "ఆంటీ, మీరే చెప్పుండ్రి. ఏ పద్ధతి పెట్టాలె? ఏదీ సెట్ అయితలేదు."

"ఇన్ని పద్ధతులు తెచ్చావు, అన్నిట్లోనూ పక్కన కూర్చుంది నువ్వే కదయ్యా!" అని కసిరాను. "ముందు నువ్వు మారవయ్యా. ఒక్క లెక్క పట్టుకుని పిల్లతో రేపు మా ఇంటికి రా. ఫోన్ మీ ఇంట్లోనే పెట్టి రా. ఆ వాచీ కూడా."

వచ్చారు. మా డైనింగ్ టేబుల్ దగ్గర దేదీప్యని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. జితేందర్ లెక్క చెప్పాడు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు జూకి వెళ్ళాలి, ఒక్కో వ్యాన్‌లో ఏడుగురే పడతారు, ఎన్ని వ్యాన్లు కావాలి? అది క్లబ్‌హౌస్‌లో ఆ ఆఖరి ఆదివారం పెట్టిన పేపర్లోదే, ఆ పిల్ల ఖాళీగా వదిలేసినదే. చెప్పి ఊరుకోమన్నాను.

దేదీప్య కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూస్తూ కూర్చుంది. జితేందర్ మోకాలు మొదలైంది. బల్ల కింద నా కాలితో తన్నాను, నిజంగానే తన్నాను. ఏదో హింట్ ఇవ్వడానికి నోరు తెరిచాడు, గుడ్లురిమాను. నేను లేచి టీ పెట్టుకుని వచ్చాను. మా ఆయన లోపలి నుంచి వచ్చి న్యూస్ పేపర్ తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళారు. టీ తాగడం అయింది. ఆ పిల్ల చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"సిక్స్" అంది చివరికి.

జితేందర్ ఊపిరి వదిలాడు. "కరెక్ట్! మరి గింత సేపు..."

"వెయిట్, నాన్నా. ఐ యామ్ నాట్ డన్" అంది, ఇంకా పార్కింగ్ వైపే చూస్తూ. "ఫైవ్ వ్యాన్స్ ఫుల్ అయితే, లాస్ట్ వ్యాన్‌లో ఓన్లీ త్రీ కిడ్స్ ఉంటారు. వాళ్ళకి లోన్లీగా ఉంటది. సో నేను మార్చాను. టూ వ్యాన్స్‌లో సెవెన్, ఫోర్ వ్యాన్స్‌లో సిక్స్. ఇప్పుడు అందరికీ ఫ్రెండ్స్ ఉన్నారు."

జితేందర్ వేళ్ళ మీద కూడి చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా అడిగాడు, "బిడ్డా, మొన్న టెస్టుల గిదే లెక్క ఉండె గదా. ఎందుకు రాయలే? అప్పుడు రాకపోయెనా?"

"వచ్చు నాన్నా. చెప్పేలోపు టైమ్ అయిపోయింది."

"ఈ ఒక్క లెక్కనేనా?"

దేదీప్య కిటికీ వైపు నుంచి తల తిప్పి తండ్రి ముఖంలోకి చూసింది, ఇంత చిన్న సంగతి ఈయనకి ఎలా తెలియదా అన్నట్టు.

"అన్నీ" అంది.

జితేందర్ లేచి మా బాల్కనీలోకి వెళ్ళి, రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరక్కుండా నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. మా ఆయన వెళ్ళి వీపు మీద చెయ్యి వేశారు. నేను వెళ్ళలేదు. పిల్లకి పాలు కలిపి ఇచ్చాను, నా కోపం ఇంకా తగ్గలేదు.